చెడిపోయినా చేపను చంపని యంత్రం

మే నెల మధ్యాహ్నం. నాందేడ్ జిల్లా, దెగ్లూర్ తాలూకా, మర్ఖేల్. ఎండ 42 డిగ్రీలు దాటితే ఇంటిల్లిపాదీ కూలరు ముందు చేరాల్సిందే. ఆ గదిలోనే గోడవారగా రెండడుగుల చేపల తొట్టి ఒకటి ఉందనుకుందాం. లోపల నాలుగు గోల్డ్‌ఫిష్‌లు. నిజానికి అన్ని నీళ్లకు రెండే ఎక్కువ. ఉన్నట్టుండి కరెంటు పోతుంది. మనుషులు మంచాలు ఎత్తుకుని వేపచెట్టు నీడకు పోతారు. తొట్టిలో బుడగలు ఆగిపోతాయి. కాసేపటికి చేపలు ఒక్కొక్కటే పైకొచ్చి నీటి అంచున నోళ్లు తెరుస్తాయి. పాపం, ఆకలేస్తోంది కాబోలని ఎవరో ఒకరు చిటికెడు మేత చల్లుతారు.

ఊపిరాడక నోరు తెరిచినవాడికి అన్నం ముద్ద కుక్కినట్టు!

దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్ వైపు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. 1956 దాకా ఇదంతా హైదరాబాద్ రాష్ట్రమే. ఇప్పుడు మధ్యలో రాష్ట్రాల సరిహద్దు ఉంది గానీ ఎండకు, బోరు నీళ్లకు, కరెంటు కోతకు ఆ గీత తెలియదు. మర్ఖేల్‌లో తొట్టికి పనికొచ్చే పరికరం కామారెడ్డిలోనూ పనికొస్తుంది. చిక్కల్లా ఒకటే. అక్వేరియం దుకాణంలో అమ్మే సరుకులో ఎక్కువ భాగం ఈ ఎండను చూసినవాళ్లు తయారుచేసింది కాదు.

దానికి కారణం పాతదే. గాజు తొట్టిలో జలచరాలను ఉంచి పరిశీలించే పద్ధతికి 1832లో సిసిలీలో జాన్ విల్‌ప్రూ పవర్ అనే ఫ్రెంచి మహిళ దారి చూపింది. 1853లో లండన్ జంతుప్రదర్శనశాల చేపల కోసం ప్రత్యేకంగా ఒక భవనం తెరిచింది. ఆ మరుసటి ఏడాది ఫిలిప్ హెన్రీ గాస్ పుస్తకంతో 'అక్వేరియం' అన్న మాట ఇంటింటికీ చేరింది. చలిదేశంలో ఉష్ణమండలపు చేపను బతికించాలంటే ముందుగా కావలసింది వేడి. అందుకే ఇవాళ్టికీ దుకాణంలో గోడ మీద వరసగా హీటర్లు వేలాడుతుంటాయి. డిసెంబరు రాత్రుల్లో మనకూ అది పనికొస్తుంది, కాదనలేం. కానీ మే నెలలో నీటిని చల్లబరిచే యంత్రం అడిగితే దుకాణదారు చూపించే చిల్లర్ ధర తొట్టి కంటే, చేపల కంటే, ఒక్కోసారి ఆ రెండూ పెట్టిన బల్ల కంటే కూడా ఎక్కువ.

కాబట్టి కోరికల చిట్టా మన ఇంటి నుంచే రాసుకోవాలి. మొదటి కోరిక గాలి.

25 డిగ్రీల వద్ద లీటరు నీటిలో 8 మిల్లీగ్రాములకు కాస్త పైన ఆక్సిజన్ కరుగుతుంది. 35 డిగ్రీలకు వచ్చేసరికి అది 7కు పడిపోతుంది. తేడా ఒక్క మిల్లీగ్రామే కదా అనిపిస్తుంది. అయితే వేడి పెరిగేకొద్దీ చేప ఒంట్లో జీవక్రియ వేగం పెరిగి, దానికి ఆక్సిజన్ ఇంకా ఎక్కువ కావాలి. రాబడి తగ్గిన నెలలోనే ఖర్చు పెరిగినట్టన్నమాట. పైగా గోల్డ్‌ఫిష్ చల్లటి నీటి చేప. సరిగ్గా ఆ వేళకే కరెంటు పోతుంది.

ఇన్వర్టర్ ఉంది కదా అంటారా? చిన్న ఎయిర్ పంపు తినేది మూడు నుంచి ఐదు వాట్లు. దాన్ని నడపడానికి ఇన్వర్టర్ మేలుకుని ఉండాలి. అలా ఊరికే మేలుకుని ఉండటానికే అది పంపు కంటే ఎక్కువ కరెంటు తాగుతుంది. ఇంతకంటే మంచి ఉపాయం మరో దుకాణంలో ఉంది. వైఫై రౌటర్ ఆగిపోకుండా అమ్మే అరచేతి పాటి మినీ యూపీఎస్ తెలుసుగా! 12 వోల్టుల డీసీ ఎయిర్ పంపును దానికి తగిలిస్తే కరెంటు పోయిన సంగతి తొట్టికి తెలియదు. యూఎస్‌బీతో నడిచే రెండు వాట్ల పంపునైతే 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు పది గంటలకు పైగా లాగుతుంది. కరెంటు పోగానే తనంతట తాను మొదలయ్యే బ్యాటరీ పంపులూ అమ్ముతున్నారు. ఇంతకీ కావలసిందేమిటంటే ఇవన్నీ ఒకే డబ్బాలో ఉండాలి. 'బ్యాటరీ ఇంకా రెండు గంటలే' అని అది ఎర్రదీపంతో చెప్పగలగాలి. ఇది గొప్ప విజ్ఞానమేమీ కాదు. ఎవరైనా పూనుకుని చేయాలి, అంతే.

పంపు దగ్గరే ఇంకో మాట. చాలా ఇళ్లలో ఎయిర్ పంపు తొట్టి కింది అరలో ఉంటుంది. గరగరమనే చప్పుడు తగ్గాలని కింద మడతపెట్టిన పాత తువ్వాలు పరుస్తారు. కరెంటు పోయినప్పుడు నీరు గొట్టంలోకి ఎదురెక్కి, అంచు దాటి, కిందికి దిగి పంపులోకి చేరుతుంది. అక్కణ్ణించి తువ్వాలులోకి, తువ్వాలు నుంచి ప్లగ్గు బోర్డు మీదికి. దీనికి మందు చిటికెన వేలి గోరంత ప్లాస్టిక్ బిళ్ల. గాలిని ఒకవైపే పోనిచ్చే ఆ నాన్‌రిటర్న్ వాల్వును గొట్టం మధ్యలో పెడితే చాలు. తిరగేసి పెడితే బుడగే రాదు, కాబట్టి తప్పు వెంటనే బయటపడుతుంది. పరికరం అంటే ఇలా ఉండాలి.

ఇక చల్లదనం. కూలరు సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. నీరు ఆవిరైతే మిగిలిన నీటి నుంచి వేడి తీసుకుపోతుంది. కంప్యూటర్లోంచి ఊడదీసిన పన్నెండు వోల్టుల ఫ్యాన్‌ను తొట్టి అంచున బిగించి, గాలి నీటి మీదుగా వీచేలా తిప్పితే అదే మన చిల్లర్. లెక్క ప్రకారం 50 లీటర్ల తొట్టిలో అర లీటరు ఆవిరైతే నీరు దాదాపు 6 డిగ్రీలు చల్లబడాలి. గది వేడి మళ్లీ లోపలికి వస్తూనే ఉంటుంది కాబట్టి చేతికి దక్కేది రెండు మూడు డిగ్రీలే. చేపకు ఆ రెండు మూడే ప్రాణం. ఉక్కపోత మొదలయ్యాక, అంటే జూన్ చివరికి, ఈ ఫ్యాన్ పనితనం తగ్గుతుంది. కూలరు సంగతీ అంతే కదా.

ఆవిరైన నీటిని ఎవరు నింపాలి? కూలరుకు బాల్‌కాక్ ఉంది. చేపల తొట్టికీ అలాంటి చిన్న తేలుడు మీటలతో నీరు నింపే పరికరాలు విదేశాల్లో మామూలే. అయితే కూలరు గడ్డిని మే చివర్లో ఒకసారి చేత్తో పట్టుకుని చూడండి. పుల్లలన్నీ తెల్లగా పెళుసెక్కి, సున్నం పూసినట్టుంటాయి. ఆవిరైంది నీరే. బోరు నీటిలోని లవణాలు అక్కడే మిగిలాయి. తొట్టిలోనూ అదే జరుగుతుంది, కాకపోతే కంటికి కనబడదు. ఆవిరైనంత బోరు నీళ్లే రోజూ పోస్తూ పోతే వారం వారం ఉప్పదనం కూడుతుంది. అంచున తెల్లగీత పడితే అది మొదటి ఉత్తరం. అందువల్ల ఆవిరైన మేరకు నింపడానికి ఆర్‌ఓ నీరో వాన నీరో కావాలి. వారానికోసారి పాత నీరు కొంత తీసి కొత్త నీరు పోయడం ఎలాగూ తప్పదు.

నీరు తీయడం కూడా ఒక ప్రహసనమే. గొట్టం ఒక కొన నీటిలో ముంచి, రెండో కొనను నోటితో పీల్చి, సమయానికి నోరు తీయలేక చేపల నీళ్లు మింగనివాళ్లు ఈ సరదాలో అరుదు. పిండితే నీరు లాగే రబ్బరు ఉండ ఉన్న పైపు దుకాణంలో దొరుకుతుంది. కిరోసిన్ డబ్బాల్లో పెట్టే ప్లాస్టిక్ చేతిపంపూ పనికొస్తుంది, అది కిరోసిన్ ముఖం చూడని కొత్తదైతేనే సుమా.

అసలు వరం వేరే ఉంది. అమ్మోనియాను చూపించే యంత్రం.

చేప మొప్పల ద్వారా అమ్మోనియా వదులుతుంది. మిగిలిన మేత కుళ్లినా అదే పుడుతుంది. కొన్ని బాక్టీరియాలు దాన్ని నైట్రైట్‌గా, మరికొన్ని ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ విషాలే, మూడోది చాలా నయం. ఆ రెండో మెట్టు పని నైట్రోబాక్టర్‌దని పుస్తకాలు చాలాకాలం చెప్పాయి. అక్వేరియాల్లో ఆ పని ఎక్కువగా నైట్రోస్పైరా జాతివే చేస్తున్నాయని 1998లో టిమోతీ హోవనెక్ బృందం చూపించింది. కొత్త తొట్టిలో ఈ సూక్ష్మజీవులు కుదురుకోవడానికి వారాలు పడుతుంది. తొందరపెట్టే ఉపాయం మన వంటింట్లోదే, తోడు వేయడం. ఆరోగ్యంగా ఉన్న పాత తొట్టిలోని ఫిల్టర్ స్పాంజి ముక్కను కొత్త ఫిల్టర్‌లో పెడితే పాలకు పెరుగు చుక్క తగిలినట్టే. ఆ స్పాంజిని శుభ్రం చేసేటప్పుడు క్లోరిన్ కలిపిన కుళాయి నీటి కింద పెట్టారంటే తోడు చచ్చిపోవచ్చు. తొట్టిలోంచి తీసిన నీటిలోనే పిండాలి.

అమ్మోనియాతో ఉన్న తిరకాసు ఏమిటంటే, మొత్తం ఎంత ఉందన్నది సగం కథే. 25 డిగ్రీల వద్ద పీహెచ్ 7 ఉంటే దానిలో విషరూపంలో ఉండేది ఒక శాతం కంటే తక్కువ. పీహెచ్ 8 అయితే 5 శాతం దాకా. క్షారగుణం ఎక్కువున్న బోరు నీటిలో అదే కొలత దాదాపు పది రెట్ల విషం. ఇప్పుడు మనకున్న దారి పరీక్ష కిట్టు. నాలుగు చుక్కలు వేసి, గొట్టాన్ని ఊపి, రంగు కార్డు పక్కన పెట్టి చూడాలి. ట్యూబ్‌లైటు కింద అది పసుపా, పసుపులో పచ్చా? ఇంట్లో నలుగురిని అడిగితే నాలుగు తీర్పులు. బ్రిటన్‌కు చెందిన సెనై అనే పరికరం రంగు మారే పలకను తానే చదివి విష అమ్మోనియాను చెబుతుంది, కానీ ఆ పలకను నెలనెలా మార్చాలి. మర్ఖేల్‌లో ఉన్నవారికి నెలనెలా పలక తెప్పించుకోవడమంటే చేపల పెంపకం కాదు, దిగుమతి వ్యాపారం.

ఇదంతా అసాధ్యమనుకుంటే ఆంధ్రా చెరువుల వైపు చూడాలి. శ్రీరామ్ రావి 2012లో విజయవాడ కేంద్రంగా ఏరువాక టెక్నాలజీస్ మొదలుపెట్టారు. పేరు తొలకరి దుక్కి పండగది, పని నీటి సాగుది. రొయ్యల చెరువులో తేలే వారి పరికరాలు కరిగిన ఆక్సిజన్, పీహెచ్, ఉష్ణోగ్రత కొలిచి రైతు ఫోనుకు కబురు పంపేవి. రాత్రంతా కిరణజన్య సంయోగక్రియ ఉండదు కాబట్టి చెరువులో ఆక్సిజన్ తెల్లవారుజామున అట్టడుక్కి చేరుతుంది. అందుకే రొయ్యల రైతు నిద్ర మానుకుని ఏరియేటర్ల చప్పుడు వింటూ ఉంటాడు. మొక్కలు దట్టంగా ఉన్న ఇంటి తొట్టిలోనూ ఇదే గడియారం నడుస్తుంది. చెరువులో పంట లక్షల రూపాయలది కాబట్టి యంత్రం వచ్చింది. నాలుగు గోల్డ్‌ఫిష్‌ల కోసం ఎవరు చేస్తారు? అయినా చవక చిప్పులతో సొంతంగా ఉష్ణోగ్రత హెచ్చరికలు కట్టుకునే ఇంజినీరింగు కుర్రాళ్లకు ఇప్పుడు కొదవ లేదు. డీఎస్18బీ20 అనే నీటిలో మునిగే సెన్సరు, వైఫై ఉన్న ఒక బోర్డు ఉంటే నీరు 32 దాటగానే ఫోను మోగించవచ్చు. పాత స్మార్ట్‌ఫోను కెమెరాను తొట్టి వైపు తిప్పి, చేపలన్నీ పది నిమిషాలుగా నీటి అంచునే ఉన్నాయా అని చూసే ప్రోగ్రామ్ రాస్తే ఖరీదైన ఆక్సిజన్ మీటరు పని సగం తప్పుతుంది. చేప తనే సెన్సరు.

గమనించారా, ఈ రెండూ చెబుతాయే గానీ చేయవు. తొట్టి పరికరాల్లో అదే క్షేమం. హీటర్ థర్మోస్టాట్ అతుక్కుపోతే నీరు ఉడికిపోతుంది. నీరు నింపే మీట ఇరుక్కుంటే ఇల్లు తడుస్తుంది. యంత్రం కొనే ముందు అది ఎంత తెలివైనదని కాదు, చెడిపోయిన రోజు ఏం చేస్తుందని దుకాణదారును అడగాలి. గాలి పంపు సంగతి వేరు, మిగతావి ఆగిపోతే ఫర్వాలేదు. ఆగకపోతేనే ముప్పు.

ఆటోమేటిక్ మేత డబ్బా ఈ పరీక్షలో తరచూ తప్పుతుంది. వానాకాలం తేమకు రేకుల మేత ఉండకట్టి, మూడు రోజులు ఏమీ పడక, నాలుగో రోజు వారం మేతా ఒక్కసారే పడుతుంది. పెళ్లికి ఊరెళ్లేవారికి దాని అవసరం కూడా అంతగా లేదు. ఎదిగిన ఆరోగ్యమైన చేప వారం రోజులు మేత లేకున్నా తట్టుకుంటుంది. పక్కింటివారికి అప్పగించాల్సే వస్తే రోజుకో గది ఉన్న మాత్రల డబ్బాలో చిటికెడు చిటికెడు వేసి ఇవ్వాలి. మేత సీసా మాత్రం ఇవ్వకూడదు.

ఇంట్లోవాళ్ల కోసమైతే ఇంకా చవకైన పరికరం చాలు. పొద్దున నానమ్మ వేస్తుంది. తాను వేసినట్టు చెప్పకుండా పొలానికి పోయే ముందు తాతయ్య వేస్తాడు. బడి నుంచి వచ్చి పిల్ల వేస్తుంది. అన్నిసార్లూ చేపలు అప్పుడే పుట్టినంత ఆకలితో ఎగబడతాయి. తొట్టి పక్కన ఒక వైపు 'వేశాం', రెండో వైపు 'వెయ్యలేదు' అని రాసి ఉన్న చిన్న పలక వేలాడదీస్తే గొడవ తీరుతుంది. రోజుకొక్కసారే తిరిగేలా దానికో తాళం కూడా ఉండాలి. లేకపోతే సాయంత్రానికల్లా ఆ పిల్ల దాన్ని మళ్లీ 'వెయ్యలేదు' వైపు తిప్పేస్తుంది.