గర్భిణి తాగే టానిక్కులో ఏముంది?

"మద్యం హరామ్ కదా హకీం సాబ్, మా ఇంట్లో ఆ మాటెందుకు?" అంటారు బళ్ళారి, సిరుగుప్ప వైపు నుంచి వచ్చే దంపతులు. నిజమే. కానీ ఆల్కహాల్ మందు రూపంలో కూడా వస్తుంది. దశమూలారిష్టం వంటివి పులియబెట్టి చేస్తారు. వాటిలో సాధారణంగా 5 నుంచి 10 శాతం ఆల్కహాల్ దానంతట అదే పుడుతుంది. సీసా మీద రాసే ఉంటుంది, చదివేవారే తక్కువ. కొన్ని దగ్గు సిరప్పుల్లో, హోమియో చుక్కల్లోనూ ఉంటుంది. ఆకలి పుడుతుందని కడుపుతో ఉన్న కోడలికి అరిష్టం పోసే అత్తగార్లు గమనించాలి. (మన అర్ఖ్‌లు ఆవిరి పట్టి తీసినవే. అయినా యునానీ మందైనా అడగకుండా వాడవద్దు.)

తల్లి రక్తంలోని ఆల్కహాల్ మాయ దాటి బిడ్డకు చేరుతుంది. దాన్ని విరిచే శక్తి బిడ్డ కాలేయానికి ఇంకా రాదు. 1973లో అమెరికాలోని సియాటిల్ వైద్యులు జోన్స్, స్మిత్ ఇలాంటి పిల్లల లక్షణాలు వివరించారు: చిన్న తల, పైపెదవి మీద గాడి లేకపోవడం, ఎదుగుదల లోపం. పెద్దయ్యాక చదువు ఎక్కదు. దీన్ని నయం చేసే మందు ఏ వైద్యంలోనూ లేదు. ఇంతవరకు ఫరవాలేదనే కొలతా లేదు. ఈతకల్లు చలవ అని ఇరుగుపొరుగు చెబితే వినకండి.

నెల తప్పిందని తెలిసేసరికే బిడ్డ గుండె, మెదడు రూపు కడుతుంటాయి. అందుకే సంతానం కోరుకున్న రోజు నుంచే జాగ్రత్త అవసరం. భర్తకు అలవాటుంటే సిగ్గుపడి దాచకుండా వైద్యునికి చెప్పి మానాలి. తెలియక ఏదైనా తాగిన తల్లి బెంగపడక ఈ రోజే ఆపేయాలి. ఆపిన మేరకు బిడ్డకు మేలే.

ఈసారి చెకప్‌కు వెళ్ళేటప్పుడు తాయి కార్డుతో పాటు ఇంట్లోని టానిక్ సీసాలూ సంచిలో వేసుకెళ్ళి డాక్టరమ్మకు చూపించండి.