దిగిరాని బీజము

శ్రీకాకుళము జిల్లా తీరగ్రామములలో వరిబీజమన్నచో ఎరుగనివారుండరు. బోదకాలు వ్యాధి చిరకాలము తిష్ఠవేసిన ఈ సీమలో బుడ్డ వచ్చిన పురుషుని పిల్లలు వెనుకనుండి పరిహసించుటయు, పెద్దలు చూచియు చూడనట్లు ఊరకుండుటయు తరతరములుగా జరుగుచు వచ్చినవే. కాని ఉబ్బిన సంచి కంటబడినంత సులభముగా ఖాళీ సంచి కంటబడదు. పుట్టిన బిడ్డకు ఒక వృషణమో, రెండునో తమ స్థానమునకు దిగక గజ్జలోనో కడుపులోనో నిలిచిపోయినచో, అందువలన నొప్పి లేదు, జ్వరము లేదు, ఏడుపు లేదు. బిడ్డ పాలు త్రాగును, బోర్లపడును, ఊరి బడికి పోవును. పెరిగి పలాస జీడిపప్పు కర్మాగారముననో టెక్కలి గ్రానైటు క్వారీలోనో పనికి కుదురును. పెండ్లియై నాలుగేండ్లు గడచి, ఇంకను కడుపు పండలేదా యని చుట్టములు ఇల్లాలిని అడుగుట మొదలిడిన తరువాత గాని ఆ సంగతి బయటికి రాదు. అప్పటికిని పరీక్షలకు ముందుగా పోవునది ఆమెయే. సంతానము లేని జంటలలో ఇంచుమించు సగమింట పురుషుని లోపమునకును పాలుండునని వైద్యులు ఎన్నియేండ్లుగా చెప్పుచున్నను, నింద మాత్రము కోడలి నెత్తినే పడుచున్నది.

పిండదశలో వృషణములు మూత్రపిండములకు చేరువగా, కడుపులోపలనే ఏర్పడును. అచ్చటినుండి వాని ప్రయాణము రెండు అంచెలుగా సాగునని ఆస్ట్రేలియా శస్త్రవైద్యుడు జాన్ హట్సన్ 1985లో ప్రతిపాదించెను. వృషణమును అడుగున పట్టియుండు గుబర్నాక్యులమను కణజాలము గర్భమున మూడవ నెల మొదలు లావెక్కి, దానిని గజ్జ ద్వారము చెంతకు చేర్చును. ఈ అంచెను నడపునది ముఖ్యముగా ఇన్సులిన్‌ను పోలిన ఐఎన్‌ఎస్‌ఎల్3 అను హార్మోను. ఏడవ నెల మొదలు, టెస్టోస్టిరాన్ ప్రేరణచే, వృషణము గజ్జ కాలువ గుండ సంచిలోనికి దిగును. సంచిలోని వేడి దేహతాపముకంటె రెండు మూడు డిగ్రీలు తక్కువ. బీజకణములు వర్ధిల్లుటకు ఆ చల్లదనమే ఆధారము. నెలలు నిండి పుట్టిన మగశిశువులలో నూటికి ఇద్దరు మొదలు నలుగురికి ఈ ప్రయాణము పూర్తికాదు. నెలలు నిండనివారిలో నూటికి ముప్పదిమంది వరకు ఉందురు. పుట్టిన తొలి మూడు నెలలలో శిశువు దేహమున హార్మోనులు ఒక్కమారు యౌవనమువలె పొంగి అణగును. ఆ పొంగులోనే పెక్కుమందికి వృషణము తనంత తానుగా దిగును. ఏడాది నాటికి మిగులువారు నూటికి ఒక్కరు. ఆరు నెలలు దాటిన పిదప తనంత తాను దిగుట అరుదు.

ఇందు తొలి పరీక్ష చేయునది వైద్యుడు కాదు, స్నానము చేయించు అమ్మమ్మ. పీటపై కూర్చుండి, కాళ్ళు చాచి, బిడ్డను కాళ్ళపై వెల్లకిల పరుండబెట్టుకొని, నూనె మర్దించి, గోరువెచ్చని నీళ్ళు పోయు ఆ గడియలో కండరములు సడలి, చలికి పైకి ముడుచుకొను వృషణము కూడ సంచిలోనికి జారును. వెచ్చని నీళ్ళలో కనబడి, చలిలో దాగు బీజమునకు సాధారణముగా శస్త్రచికిత్స పనిలేదు; ఏటేట చూపించుకొనిన చాలును. ఎన్ని నీళ్ళు పోసినను కనబడని దానినే అనుమానింపవలెను. అనుభవజ్ఞుడైన శస్త్రవైద్యుడును చేయునది ఇంచుమించు ఇదియే: చేతులు వెచ్చజేసికొని, వ్రేళ్ళకు సబ్బునీరు రాచికొని, బిడ్డ కాళ్ళను కప్పకాళ్ళవలె మడిచి, నడుమెముక మొదలు గజ్జ వెంబడి వ్రేళ్ళను క్రిందికి జార్చును, చర్మము క్రింద బఠాణీగింజయంతటిది ఒకటి వ్రేళ్ళ నడుమ జారిపోవును. కాశీబుగ్గలోను టెక్కలిలోను స్కానింగు కేంద్రములకు లోటు లేకపోవుటచే తలిదండ్రులు ముందుగా స్కానుకు పరుగిడుదురు గాని, ఈ విషయమున స్కాను తరచు తప్పుదారి పట్టించుననియు, అనుభవము గల చేయియే మేలనియు అమెరికా మూత్రవ్యాధి శస్త్రవైద్యుల సంఘము 2014లోనే స్పష్టముగా చెప్పినది. రెండు వైపులను ఏమియు చేతికి తగలని శిశువు మాట వేరు. పైకి మగబిడ్డగా కనిపించునది నిజమునకు ఎడ్రినల్ గ్రంథి లోపము గల ఆడుబిడ్డ కావచ్చును. అట్టి బిడ్డకు కొద్దివారములలో దేహమున లవణము క్షీణించి ప్రాణాపాయము కలుగవచ్చును గనుక, హార్మోను, క్రోమోజోము పరీక్షలు వెంటనే జరుపవలెను. ప్రసవానంతరము ఇంటికి ఆరుమార్లు వచ్చు ఆశా కార్యకర్త, తూకముతోపాటు దీనిని కూడ ఒక్కమారు చూచినచో వ్యయము శూన్యము.

ఆరు నెలలకును ఏడాదిన్నరకును నడుమ, గజ్జలో చిన్న కోత పెట్టి వృషణమును సంచిలోనికి దించి కుట్టుట నేటి వైద్యమున స్థిరపడిన మార్గము. విశాఖ కింగ్ జార్జి ఆస్పత్రిలో పిల్లల శస్త్రచికిత్సా విభాగమున్నది. పలాసనుండి రైలులో సుమారు రెండువందల కిలోమీటర్లు. ఇచ్ఛాపురము వారికి బరంపురము మరింత దగ్గర. ఒక్క పక్క మాత్రమే దిగని వారిలో పెద్దయైన పిదప తండ్రులగువారు నూటికి తొంబదిమంది వరకు ఉందురు. ఇది సామాన్య పురుషులకు దాదాపు సమానము. రెండు పక్కల దిగని వారిలో ఆ సంఖ్య అరువదియైదు దరికి పడిపోవును. వృషణ క్యాన్సరు భయమును కలదు: స్వీడనులో 2007లో వెలువడిన పరిశోధనలో, పదమూడేండ్ల లోపున శస్త్రచికిత్స పొందినవారికి సామాన్యులకంటె సుమారు రెండింతలు, పిమ్మట పొందినవారికి అయిదింతలకు పైగా ఆ ప్రమాదమున్నట్లు తేలెను. అసలే అరుదైన వ్యాధి గనుక అయిదింతలన్నను భీతిల్లవలసినది కాదు. కాని వాయిదా వేయుటకు సాకును కాదు.

కోత లేకుండ సూదిమందుతో పని కాదా యని తల్లి అడుగుట సహజము. గర్భిణుల మూత్రమునుండి తీయు హెచ్‌సీజీ హార్మోనును ఈ లోపమునకు 1930 ప్రాంతమునుండియు వాడి చూచినారు. మెదడునుండి వెలువడు జీఎన్‌ఆర్‌హెచ్‌ను 1971లో గుర్తించిన పిదప దానిని ముక్కులో చల్లు మందుగా కూడ ఇచ్చినారు. ఫలము నూటికి ఇరువది దరిలోనే నిలిచినది. దిగినవానిలో కొన్ని తిరిగి పైకి పోయినవి. ఇందుచే 2007లో ఉత్తర ఐరోపా వైద్యులును, 2014లో అమెరికా సంఘమును శస్త్రచికిత్సకు బదులుగా హార్మోనును వాడవలదనిరి. స్విట్జర్లండుకు చెందిన ఫారుక్ హాద్జిసెలిమోవిచ్ మాత్రము, శస్త్రచికిత్స తరువాత స్వల్పమోతాదులో ఇచ్చినచో శైశవమున బీజకణములు మార్పు చెందవలసిన దశ చక్కబడునని వాదించుచున్నాడు. ఆ వాదము ఇంకను తెగలేదు. హార్మోను నిజముగా అద్భుతము చేయునది మరొకచోట. పుట్టుకతో వాసన తెలియక, పదునెనిమిదేండ్లకును మీసము మొలవక, చిన్న వృషణములతో నుండు యువకునిలో లోపము మెదడునుండి రావలసిన ఆజ్ఞది. ఫ్రాంజ్ కాల్మన్ 1944లో వర్ణించిన ఈ స్థితిలో హెచ్‌సీజీ, ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోనుల సూదులను నెలల తరబడి, ఒక్కొక్కమారు రెండేండ్లు, ఓర్పుతో ఇచ్చినచో శుక్రకణములు పుట్టి తండ్రియగుట సాధ్యము. అదే యువకునికి, లేదా కండలకై వ్యాయామశాలకు పోవు మరొకనికి, టెస్టోస్టిరాన్ సూది పొడిచినచో పిట్యూటరీ గ్రంథి తన ఆజ్ఞను నిలిపివేయును, శుక్రోత్పత్తి అణగారును. మగతనము పెంచునను మందే సంతానమునకు అడ్డగుట చిత్రమే!

జన్యువుల మాట. ఎలుకలలో ఐఎన్‌ఎస్‌ఎల్3 జన్యువును తొలగించినచో వృషణములు కడుపులోనే నిలుచునని 1999లో రెండు బృందములు వేరువేరుగా చూపినవి. మనుష్యులలో ఆ జన్యుదోషము కొద్దిమందిలోనే దొరికినది. అన్నదమ్ములలో లోపము కొంత హెచ్చుగా కనబడుట నిజమైనను, పెక్కుమందిలో ఏ ఒక్క జన్యువును వ్రేలెత్తి చూపుటకు వీలులేదు. తండ్రినుండి కుమారునికి మాత్రమే పోవు వై క్రోమోజోముపై తెలుగుదేశమునకు పాత మమకారమున్నది: పిఠాపురమున జన్మించి జన్యుశాస్త్రజ్ఞుడు హాల్డేనుకు శిష్యుడైన ద్రోణంరాజు కృష్ణారావు, చెవులపై వెంట్రుకలు ఆ క్రోమోజోమువెంట వచ్చునని 1960లో వ్రాసెను. 2004 నాటి అణుపరీక్షలు దానిని నిలువనీయలేదు. కాని ఆ క్రోమోజోముపై శుక్రోత్పత్తికి అవశ్యమైన ఖండములున్నవని 1976 నుండియు తెలియవచ్చినది. హైదరాబాదులోని కణ, అణుజీవశాస్త్ర కేంద్రము (సీసీఎంబీ)లో లాల్జీ సింగ్, తంగరాజ్ బృందము 340మంది వీర్యకణరహితులైన భారతీయులను పరీక్షించి, 29మందిలో అట్టి ఖండములు లోపించినవని 2003లో ప్రకటించెను. పన్నెండుగురిలో ఒకనికి, తన వ్యథకు మేనరికముగాని, పూర్వజన్మపాపముగాని, భార్యగాని కారణము కాదని చెప్పగల సమాధానమది.

కిడ్నీ వ్యాధి ప్రబలిన ఈ జిల్లా ఉద్దాన ప్రాంతములో ఏ బాధనైనను కిడ్నీకి ముడివేయుట అలవాటైనది. దిగని వృషణమునకు ఆ వ్యాధితో సంబంధమున్నదనుటకు ఆధారము లేదు. అయినను ముదిరిన కిడ్నీ వ్యాధి టెస్టోస్టిరాన్‌ను తగ్గించి, ప్రోలాక్టిన్‌ను పెంచి, శుక్రకణములను క్షీణింపజేయును. కిడ్నీ మార్పిడి తరువాత పలువురిలో ఇవి కోలుకొనును. 2023 డిసెంబరులో పలాసలో వెలసిన కిడ్నీ పరిశోధనా కేంద్రమునకు వచ్చు యువరోగులను, అడుగుటకు వారు సిగ్గుపడినను, వైద్యుడే ఈ సంగతి అడుగవలెను.

1992లో బ్రస్సెల్సునుండి వెలువడిన ఇక్సీ పద్ధతిలో ఒక్క శుక్రకణమున్నను దానిని అండములోనికి గ్రుచ్చి పిండమును చేయవచ్చును. విశాఖలో ఇట్టి కేంద్రములకు పోవు దంపతులు ముందుగా వై క్రోమోజోము పరీక్షను కోరుట మంచిది. ఖండము లోపించిన తండ్రికి ఈ మార్గమున కలుగు ప్రతి కుమారునికిని ఆ లోపమే సంక్రమించును, కుమార్తెకు సంక్రమింపదు.