మసక వీడాక కనిపించేది ఎవరి ముఖం?

పాత ఫోటోల మసకను క్షణాల్లో వదిలించే సాఫ్ట్‌వేర్లు ఇంటింటికీ వచ్చేశాయి. కొన్ని ఫోటోలో దాగిన దాన్ని బయటికి తీస్తాయి. మరికొన్ని లేనిదాన్ని సృష్టిస్తాయి. ఆ తేడా తెలియకపోతే చెరిగిపోయేది ఒక్కగానొక్క జ్ఞాపకం

అరచేతిలో ఇమిడిపోయే నలుపు తెలుపు ఫోటో. తెల్ల అంచులు పసుపు బారాయి. వెనక పొగ గొట్టాలు, ముందు వరుసగా నిలబడ్డ నలుగురు యువకులు. వారిలో ఎడమ నుంచి రెండో వ్యక్తి తాతయ్య అని ఇంట్లో అందరికీ తెలుసు. కానీ ముఖం మాత్రం తెలియదు. ఫోటో తీసినవారి చెయ్యి కదిలిందో, ఆయనే తల తిప్పారో కానీ, కళ్లూ ముక్కూ ఒకదానిలోకి ఒకటి కరిగిపోయాయి.

భిలాయిలోని వైశాలి నగర్ లాంటి కాలనీలో, ఉక్కు కర్మాగారాన్ని నమ్ముకుని వచ్చిన తెలుగు కుటుంబంలో ఇలాంటి ఫోటో ఉందని ఊహించడం కష్టం కాదు. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందం మేరకు ఏటా 10 లక్షల టన్నుల సామర్థ్యంతో భిలాయి కర్మాగారం నిర్మాణం మొదలైంది. 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. పని వెతుక్కుంటూ విజయనగరం-రాయపూర్ రైలు మార్గంలో ఇక్కడికి చేరిన ఉత్తరాంధ్రవాసులు ఇక్కడే స్థిరపడ్డారు. ఆ తరానికి ఫోటో అంటే పండగో పెళ్లో వస్తే తీసుకునేది. చవక డబ్బా కెమెరా చేతిలో ఏమాత్రం కదిలినా అంతే. మళ్లీ తీద్దామంటే రీలు అయిపోయేది.

ఇప్పుడు మనవడి చేతిలో ఫోన్ ఉంది. ఆ ఫోటోను ఫోన్‌తో తీసి, ఓ యాప్‌లో పెట్టి మీట నొక్కితే చాలు. క్షణాల్లో తాతయ్య కళ్లు మెరుస్తాయి, కనుబొమలు వెంట్రుక వెంట్రుకగా విడివడతాయి. ఇల్లంతా మురిసిపోతుంది. కానీ ఆ ఫోటో చూసిన నాయనమ్మ ''ఈయనెవరు?'' అని అడిగితే? ఆ ప్రశ్నకు జవాబు మసక గురించిన గణితంలో ఉంది.

చెదిరిన చుక్కల లెక్క

మసకలన్నీ ఒకటి కావు. చెయ్యి కదలడం వల్ల వచ్చేది ఒకటి, ఎదుటి మనిషి కదలడం వల్ల వచ్చేది మరొకటి. ఫోకస్ తప్పితే వచ్చేది వేరు. చిన్న ఫోటోను సాగదీస్తే వచ్చే మసక వీటికి పూర్తిగా భిన్నమైనది. ఎందుకంటే మొదటి మూడింటిలో సమాచారం చాలావరకు చెదిరింది. చివరిదానిలో అసలు నమోదే కాలేదు.

చీకట్లో వెలుగుతున్న దీపాన్ని ఫోటో తీస్తూ చెయ్యి కదిపితే చుక్కలా పడాల్సిన వెలుగు గీతలా సాగుతుంది. ఫోకస్ తప్పితే గుండ్రటి బిళ్లలా పరుచుకుంటుంది. చెయ్యి కదిలినప్పుడు ఫోటోలోని ప్రతి చుక్కా దాదాపు అదే తీరులో సాగుతుంది. ఒక చుక్క ఎలా సాగిందో కనిపెట్టగలిగితే మిగిలినవాటిని లెక్క కట్టి వెనక్కి లాగవచ్చు. దీన్నే డీకాన్వల్యూషన్ అంటారు.

వినడానికి తేలికే. కానీ ఫోటోలో అసలు దృశ్యంతో పాటు రీలు గింజలు, గీతలు, దుమ్ము కూడా ఉంటాయి. లెక్క గుడ్డిగా చేస్తే ముఖం కన్నా ముందు ఆ చెత్తే రెట్టింపై కూర్చుంటుంది. దాన్ని అదుపులో పెట్టే పద్ధతిని అమెరికా గణిత శాస్త్రవేత్త నార్బర్ట్ వీనర్ అందించారు. 1949లో వెలువడిన ఆయన గ్రంథంలోని ఆ సూత్రం నేటికీ వీనర్ ఫిల్టర్ పేరుతో వాడకంలో ఉంది. తర్వాత 1972లో విలియం రిచర్డ్‌సన్, 1974లో లియాన్ లూసీ విడివిడిగా మరో మార్గం చూపారు. ఒక అంచనా వేసి, దాన్ని మసకబార్చి, అసలు ఫోటోతో పోల్చి, తేడాను బట్టి అంచనాను పదేపదే సరిదిద్దుకోవడం అందులో కిటుకు.

ఈ లెక్కలకు అసలు పరీక్ష అంతరిక్షంలో ఎదురైంది. 1990 ఏప్రిల్‌లో కక్ష్యలోకి చేరిన హబుల్ టెలిస్కోపు మసక చిత్రాలు పంపింది. 2.4 మీటర్ల అద్దాన్ని అంచుల దగ్గర దాదాపు 2.2 మైక్రాన్ల మేర ఎక్కువగా అరగదీయడమే కారణం. అది తల వెంట్రుక మందంలో చిన్న భాగం మాత్రమే. 1993 డిసెంబర్‌లో వ్యోమగాములు వెళ్లి మరమ్మతు చేసేదాకా ఖగోళ శాస్త్రవేత్తలు రిచర్డ్‌సన్-లూసీ వంటి పద్ధతులతోనే నెట్టుకొచ్చారు. నక్షత్రం ఒక చుక్క కాబట్టి అది ఎలా చెదిరిందో నేరుగా కనిపించేది. తాతయ్య ఫోటోలో అలాంటి నక్షత్రం లేదు. అదే చిక్కు.

కంప్యూటర్ ఊహించగలదా?

చెయ్యి ఎటు కదిలిందో తెలియకుండానే మసకను తీయడం సాధ్యమేనని 2006లో రాబ్ ఫెర్గస్ బృందం చూపింది. సహజ దృశ్యాల్లో వెలుగునీడల మార్పులు ఒక క్రమాన్ని పాటిస్తాయి. ఆ క్రమానికి సరిపోయేలా చెయ్యి కదలిక దారిని ఊహించి ఒకే ఫోటో నుంచి మసకను తొలగించడం వారి పద్ధతి. అదే ఏడాది నాసిక్‌లో పుట్టిన రమేష్ రాస్కర్, అమిత్ అగ్రవాల్, జాక్ టంబ్లిన్ మరో దారి తొక్కారు. ఫోటో తీసే క్షణంలోనే షట్టర్‌ను టపటపా కొట్టుకునేలా చేస్తే తర్వాత మసకను తీయడం సులువని నిరూపించారు. మన దేశంలో ఈ రంగంలో పేరున్న పరిశోధకుడు ఐఐటీ మద్రాస్ ఆచార్యుడు ఎ.ఎన్.రాజగోపాలన్. కదలిక మసకపై రామా చెల్లప్పతో కలిసి ఆయన సంపాదకత్వం వహించిన పుస్తకాన్ని 2014లో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ప్రెస్ ప్రచురించింది.

పరిశోధన అంగడికి రావడానికి ఎంతో కాలం పట్టలేదు. ఫోటోషాప్‌లో 2005లో స్మార్ట్ షార్పెన్, 2013లో చేతి కదలికను సరిదిద్దే షేక్ రిడక్షన్ వచ్చాయి. రా థెరపీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లలోనూ రిచర్డ్‌సన్-లూసీ లెక్క ఉంది. అయితే స్టూడియోల్లో తరచూ వాడే అన్‌షార్ప్ మాస్క్‌ను వీటితో కలపకూడదు. డార్క్‌రూమ్ కాలం నుంచీ ఉన్న ఈ చిట్కా అంచుల దగ్గర నలుపు తెలుపుల తేడాను పెంచుతుందే తప్ప పోయినదాన్ని తిరిగి తేదు.

ఈ పద్ధతులన్నింటికీ ఒక నిజాయితీ ఉంది. ఫోటోలో లేనిది ఇవ్వలేనప్పుడు చేతులెత్తేస్తాయి. ఫలితంలో అలల్లాంటి గీతలు, గరుకుదనం కనిపిస్తాయి. లెక్క ఎక్కడ తప్పిందో కంటికే తెలిసిపోతుంది.

అందంగా ఆడే అబద్ధం

కృత్రిమ మేధ వచ్చాక కథ మారింది. ముఖాలు సరిదిద్దే సాఫ్ట్‌వేర్లకు వేలాది స్పష్టమైన ముఖాలను, వాటి మసక రూపాలను జతలుగా చూపి శిక్షణ ఇస్తారు. ఇలాంటి మసక వెనక ఎలాంటి కన్ను ఉండే అవకాశం ఎక్కువో అవి నేర్చుకుంటాయి. 2021లో వచ్చిన ఉచిత సాఫ్ట్‌వేర్ జీఎఫ్‌పీ-గాన్ పాత ఫోటోల్లోని ముఖాలను కొత్తగా తీసినట్టు చూపింది. 2022లో గూగుల్ తన పిక్సెల్ 7 ఫోన్‌లో మసకను తీసే సౌకర్యాన్ని నేరుగా ఇచ్చింది.

చిక్కంతా ఇక్కడే. ఈ సాఫ్ట్‌వేర్ తనకు తెలియదని ఒప్పుకోదు. తెలియని చోట తాను చూసిన ముఖాల నుంచి పోలికలు అరువు తెచ్చి అతికిస్తుంది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో రూపొందిన పల్స్ అనే సాఫ్ట్‌వేర్ 2020లో దీన్ని ప్రపంచానికి కళ్లకు కట్టింది. బరాక్ ఒబామా ముఖాన్ని కొద్దిపాటి గళ్లుగా కుదించి ఇస్తే అది తెల్లజాతి మనిషి ముఖాన్ని తీర్చిదిద్దింది. నిజానికి దాని లెక్క తప్పలేదు. ఆ ముఖాన్ని మళ్లీ కుదిస్తే దాదాపు అవే గళ్లు వస్తాయి. ఒకే మసక వెనక ఎన్నో ముఖాలు ఉండగలవు. సాఫ్ట్‌వేర్ వాటిలో ఒకదాన్ని ఎంచుకుంటుంది, అంతే.

భిలాయి తాతయ్యకూ అదే జరగవచ్చు. శిక్షణలో ఎక్కువగా కనిపించిన ముక్కు, నున్నటి చెంపలు ఆయనకు వచ్చి చేరతాయి. చిన్నప్పటి అమ్మవారి మచ్చ దుమ్ముగా భావించి చెరిపేస్తే అది ఇక ఉండదు. ఆయనను ఎరిగినవారు ఉన్నంతవరకు ఎవరో ఒకరు అభ్యంతరం చెబుతారు. ఆ తరం వెళ్లిపోయాక గోడ మీద మిగిలేది ఆ కొత్త ముఖమే. ముని మనవలకు తాతయ్యంటే అదే.

ఇంట్లో ఇది గుండెకు సంబంధించిన విషయం. కోర్టులో మనిషి స్వేచ్ఛకు సంబంధించినది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక హత్య కేసులో కృత్రిమ మేధతో స్పష్టత పెంచిన ఫోన్ వీడియోను సాక్ష్యంగా స్వీకరించడానికి కింగ్ కౌంటీ న్యాయమూర్తి 2024లో నిరాకరించారు. మన దేశంలో 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో పాటు ధ్రువపత్రం ఇవ్వాలి. ఫైలు మారిందో లేదో చెప్పే హాష్ విలువను అందులో నమోదు చేయాలి. సీసీ కెమెరాలో మసకగా చిక్కిన ముఖాన్ని యాప్‌తో 'బాగుచేసి' ఫలానా వ్యక్తేనని వాట్సాప్ గ్రూపుల్లో తిప్పేవారు తెలుసుకోవలసిన సంగతి ఇదే. వారు చూపుతున్నది దొంగ ముఖం కాకపోవచ్చు. అసలు భూమ్మీద ఎవరి ముఖమూ కాకపోవచ్చు.

అసలుది అసలుగానే

అలాగని పాత ఫోటోలను ముట్టుకోకూడదని కాదు. వరస పాటిస్తే చాలు. ముందు ఫోటోను ఫోన్‌తో కాకుండా స్కానర్‌తో, కనీసం 600 డీపీఐలో తీసి టిఫ్ ఫైలుగా దాచాలి. నెగెటివ్ దొరికితే మరీ మంచిది. ప్రింటులో లేని వివరాలు అందులో ఉండవచ్చు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో కుదించుకుపోతుంది కనుక డాక్యుమెంట్‌గా పంపాలి. దిద్దుబాట్లన్నీ నకలు మీదే చేయాలి. మొదట డీకాన్వల్యూషన్‌తో వచ్చినంత రాబట్టి, కృత్రిమ మేధను చివర్లో తక్కువ మోతాదులో వాడాలి. అలా వచ్చిన దాని ఫైలు పేరులోనే అది దిద్దిన బొమ్మ అని రాయాలి.

అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. దానికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఆ ఫోటోను నాయనమ్మ ముందు పెట్టి, వరుసలో ఎవరెవరున్నారో, ఎక్కడ తీశారో, తాతయ్య ముక్కు ఎలా ఉండేదో అడిగి రాసుకోవాలి. మసక రేపైనా తీయవచ్చు. ఆమె చెప్పేది మాత్రం ఏ యాప్‌లోనూ దొరకదు.