కూచిపూడి నుంచి మద్రాసుకు: వెంపటి చినసత్యం నృత్యనాటకాలు

తిరుత్తంగల్, శివకాశి, కోవిల్‌పట్టి ప్రాంతాల్లో ఇంట తెలుగు మాట్లాడుతూ బడిలో తమిళం చదివే విద్యార్థులకు, కూచిపూడి ఎక్కడో దూరాన ఆంధ్రదేశంలో పుట్టి అక్కడే పెరిగిన కళ అనిపించవచ్చు. పుట్టింది కృష్ణాతీరంలోనే. కాని ఈనాడు రంగస్థలంపై మనం చూసే కూచిపూడి నృత్యనాటకం చాలావరకు రూపుదిద్దుకొన్నది మద్రాసులో. అందుకు ముఖ్య కారకులు వెంపటి చినసత్యం.

ఆయన 1929 అక్టోబరు 15న కూచిపూడి గ్రామంలో జన్మించారు. తాడేపల్లి పేరయ్యశాస్త్రి, వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి, వెంపటి పెదసత్యం ఆయన గురువులు. యౌవనంలో మద్రాసు చేరి కొంతకాలం సినిమా నృత్యాలకు పనిచేశారు. 1963లో అక్కడే కూచిపూడి ఆర్ట్ అకాడమీ నెలకొల్పారు.

పాత భాగవత మేళంలో నటులందరూ పురుషులే. ఆట రాత్రంతా సాగేది. నటుడే ఆడుతూ పాడేవాడు, మాటలు చెప్పేవాడు. భామవేషధారి తెరమీదుగా జడ వేసి, సభలోని పండితులను వాదానికి పిలవడం ఆచారం. చినసత్యం ఈ ఆటను రెండు మూడు గంటలకు కుదించారు. పాటను, మాటను పక్కన కూర్చున్న గాయకులకు అప్పగించి, నర్తకుల అంగశుద్ధిపై, బృందం కదలికల పొందికపై దృష్టి నిలిపారు. స్త్రీ పాత్రలను స్త్రీలకే ఇచ్చారు. ‘శ్రీకృష్ణ పారిజాతం’ (1959), ‘క్షీరసాగర మథనం’ (1962) మొదలుకొని ఎన్నో నాటకాలు ఇలా వెలువడ్డాయి.

ఇది ఒక్కరి కృషి కాదు. పలు నాటకాలకు ఎస్.వి. భుజంగరాయశర్మ రచన, పట్రాయని సంగీతరావు సంగీతం సమకూర్చారు. టాగోరు రచన ఆధారంగా వచ్చిన ‘చండాలిక’ వీటిలో ప్రత్యేకమైనది. అంటరానిదని వెలివేసిన పిల్లను బౌద్ధ భిక్షువు దాహమడుగుతాడు. దేవతల, రాణుల కథలకు అలవడిన నాట్యం ఆమె వేదనకూ చాలినదని ఆ నాటకం రుజువు చేసింది. శోభానాయుడు ఆ పాత్రలో ప్రఖ్యాతి పొందారు.

ఈ మార్పులో నష్టం లేకపోలేదు. నటుడి నోటి మాట పోవడంతో అప్పటికప్పుడు పుట్టే చమత్కారం, సభతో సంవాదం సన్నగిల్లాయి. అయితే నగర రంగస్థలానికి తగిన రూపం దొరకడం వల్లనే ఈ కళ దేశదేశాలకు వెళ్ళగలిగింది.

చినసత్యం 1998లో పద్మభూషణ్ అందుకొన్నారు. 2012 జూలై 29న చెన్నైలో కన్నుమూశారు. ఆయన నాటకాలను నేడు తెలుగు రానివారు కూడా ఆడుతున్నారు. అడుగులు శిక్షణతో వస్తాయి. పదంలోని ఎత్తిపొడుపు, అలక, లాలింపు మాత్రం భాష తెలిసినవారికే సులువుగా అందుతాయి. ఇంట్లో విన్న తెలుగు ఇక్కడి విద్యార్థులకు ఆ విధంగా పెట్టుబడి. దానికి లిపి కూడా తోడైతే, ఆ నాటకాలను చూడడమే కాక చదవనూ వచ్చు.