స్విచ్ పెట్టె - దానికి ముందు పరీక్ష

మనిషికి లభించిన జ్ఞానేంద్రియాలలో చెవి మిక్కిలి సున్నితమైనది. అంత సులభంగా మోసపోయేది కూడా అదే. దుకాణంలో రెండు ఆంప్లిఫయర్లను ప్రక్క ప్రక్కన పెట్టి ఒకే పాటను వినిపించినప్పుడు, ఏది బాగున్నదో చెప్పడానికి ఎవరూ వెనుకాడరు. కాని ఆ తీర్పుకు ఆధారమేమి? ఒకదాని తీగలు ఊడదీసి రెండవదానికి తగిలించేసరికి ఒక నిమిషం గడుస్తుంది. ధ్వనిలోని సూక్ష్మభేదాలను మన జ్ఞాపకం కొన్ని క్షణాలకు మించి పట్టి ఉంచలేదు. పైగా రెండింటిలో ఏది కొద్దిగా బిగ్గరగా మ్రోగితే అదే మేలైనదని మనసుకు తోస్తుంది. ఈ చిక్కులను తొలగించడానికి ఏర్పడిన సాధనమే స్విచ్ పెట్టె.

దీని నిర్మాణం సరళమైనది. ఒకే టేపు లేదా రికార్డు నుండి వచ్చే సంకేతాన్ని రెండు ఆంప్లిఫయర్లకూ పంపుతారు. వాటి నుండి వెలువడే విద్యుత్తు పెట్టెలోనికి వచ్చి, మీట త్రిప్పిన దిశనుబట్టి ఏదో ఒక దానిది మాత్రమే స్పీకర్లకు చేరుతుంది. స్పీకర్లను పోల్చవలసినప్పుడు ఇదే ఏర్పాటును తలక్రిందులు చేసి, ఒక ఆంప్లిఫయరును రెండు జతల స్పీకర్లకు మార్చి మార్చి కలుపుతారు.

తూనికకు ముందు వర్తకుడు ఖాళీ తరాజును ఎత్తి చూపుతాడు. ఒక తట్ట మొగ్గితే పాసంగం కట్టి సరిచేస్తాడు. తరాజు, పాసంగం అనే మాటలు ఉర్దూ, తెలుగు భాషలు రెండింటిలోనూ ఉన్నాయి. వాటి వెనుక నున్న న్యాయం స్విచ్ పెట్టెకూ వర్తిస్తుంది. ఇతర యంత్రాలను పరీక్షించే ముందు పెట్టెనే పరీక్షించవలెను.

పెట్టెకు నాలుగు పరీక్షలు

మొదటిది క్షేమానికి సంబంధించినది. రెండు ఆంప్లిఫయర్ల నిర్గమాలు ఒక్క క్షణమైనా ఒకదానినొకటి తాకరాదు. తాకినచో లోపలి ట్రాన్సిస్టర్లు కాలిపోగలవు. కాబట్టి మీట మొదటిదానిని పూర్తిగా విడిచిన తరువాతనే రెండవదానిని అందుకోవలెను. ఆంప్లిఫయర్లను కలపకముందే మల్టీమీటరుతో మీట యొక్క ప్రతి స్థానంలోనూ, త్రిప్పుతున్నప్పుడు కూడా, దీనిని సరిచూడవలెను. కొన్ని ఆంప్లిఫయర్లలో నల్ల కొన కూడా భూమికి కలిసి ఉండదు. అందువలన ఎర్రతీగతోపాటు నల్లతీగను కూడా మార్చే స్విచ్ అవసరం. వాల్వు ఆంప్లిఫయరును స్పీకరు లేకుండా మ్రోగనిస్తే దాని ట్రాన్స్‌ఫార్మరు చెడిపోయే ప్రమాదమున్నది. దానికి బదులుగా ఒక నిరోధకాన్ని అమర్చవలెను.

రెండవది స్పర్శల నిరోధం. మల్టీమీటరు తీగలకే కొంత నిరోధం ఉండుటచే దానితో నేరుగా కొలిచిన అంకె నమ్మదగినది కాదు. పెట్టె గుండా 1 ఆంపియరు విద్యుత్తును పంపి, దాని రెండు కొనల మధ్య వోల్టేజిని కొలవవలెను. 50 మిల్లీవోల్టులు వచ్చినచో నిరోధం 0.05 ఓములు. ఇది అల్పమే. తుప్పు పట్టిన స్పర్శల వలన ఇది 0.5 ఓములకు పెరిగిందనుకొందాం. స్పీకరు అవరోధం అన్ని పౌనఃపున్యాల వద్ద ఒకటిగా ఉండదు. 5 ఓములున్న చోట నష్టం సుమారు 0.83 డెసిబెల్, 30 ఓములున్న చోట 0.14 డెసిబెల్ మాత్రమే. అనగా పెట్టెయే పాట స్వరూపాన్ని మార్చివేస్తుంది. నింద మాత్రం ఆంప్లిఫయరుపై పడుతుంది.

మూడవది ధ్రువాల పరీక్ష. 1.5 వోల్టుల బ్యాటరీని ఒక్క క్షణం తాకించినప్పుడు రెండు స్పీకర్ల కాగితపు గరాటులూ, మీట ఏ వైపునున్నా, ఒకే దిశకు కదలవలెను. ఒకటి ఎదురు దిశకు కదిలితే మంద్రస్వరాలు క్షీణిస్తాయి.

నాలుగవది అన్నిటికంటె ముఖ్యమైనది. ఒకే ఆంప్లిఫయరును పెట్టె యొక్క రెండు ద్వారాలకూ కలిపి వినిపించవలెను. ఇప్పుడు రెండు వైపులా ఉన్నది ఒకటే. అయినా ఎవరైనా భేదమున్నదని కచ్చితంగా గుర్తించగలిగితే దోషం పెట్టెలోనే ఉన్నది. మీట చప్పుడు ఒక్కొక్క వైపుకు ఒక్కొక్క తీరుగా ఉన్నా రహస్యం బయటపడుతుంది.

శబ్దాన్ని సమం చేయుట

పెట్టె నిర్దోషమని తేలిన పిమ్మట రెండు ఆంప్లిఫయర్ల శబ్దస్థాయిని 0.1 డెసిబెల్ తేడాలోపల సమం చేయవలెను. దీనికి చెవి చాలదు. 1000 హెర్ట్జ్ స్వరాన్ని మ్రోగించి, ఆ పౌనఃపున్యం వద్ద సరిగా కొలిచే వోల్టుమాపకాన్ని స్పీకరు కొనలకు తగిలించవలెను. మొదటిది 2.83 వోల్టులు చూపితే, రెండవది 2.80 - 2.86 మధ్య ఉండవలెను. 8 ఓముల స్పీకరుకు ఇది 1 వాట్ శక్తి.

శ్రోతకు పరీక్ష

ఇక మిగిలినది వినేవాని మనస్సు. ధర, పేరు, రూపం తెలిసినవాడు వాటినే వింటాడు. 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే శాస్త్రజ్ఞులు 40 మంది శ్రోతలకు నాలుగు స్పీకర్లను ఒకసారి కనబడేటట్లు, మరొకసారి తెర వెనుక వినిపించగా, వారు వేసిన మార్కులు మారిపోయాయి. అందుచేత 1950లో మన్సన్, గార్డ్‌నర్‌లు వివరించిన పద్ధతి నేటికీ ఆదర్శంగా ఉన్నది. శ్రోతకు ‘ఎ’, ‘బి’ అనే రెండింటిని వినిపించి, తరువాత ‘ఎక్స్’ను వినిపిస్తారు. అది ఆ రెండింటిలో ఏదో అతడు చెప్పవలెను. ఏది రావలెనో నాణెం ఎగురవేసి నిర్ణయిస్తారు. శ్రోతకే కాక, అతని ఎదుటనున్న నిర్వాహకునికి కూడా జవాబు తెలియరాదు. 1982లో డేవిడ్ క్లార్క్ ఈ పద్ధతికి అనువైన స్విచ్ యంత్రాన్ని ఒక పరిశోధన వ్యాసంలో వర్ణించాడు.

ఫలితాన్ని లెక్కకట్టడంలో తొందరపడరాదు. పదింట ఏడు సరిగా చెప్పినవానిని చూచి మనం మెచ్చుకొంటాము. కాని కేవలం ఊహతోనే ఏడు గాని అంతకు మించి గాని సరిపోవడానికి నూటికి 17 పాళ్ళు అవకాశమున్నది. పదహారింట పన్నెండు చెప్పినచో ఆ అవకాశం నూటికి 4 పాళ్ళకు లోపే. అప్పుడు అతని మాటకు విలువ ఇవ్వవచ్చు. 1987 జనవరిలో ‘స్టీరియో రివ్యూ’ అనే అమెరికా పత్రిక, ధరలలో ఎంతో వ్యత్యాసమున్న ఆంప్లిఫయర్లతో జరిపిన పరీక్ష ఫలితాన్ని ప్రకటించింది. మొత్తం మీద శ్రోతల జవాబులు ఊహకంటె మెరుగు కాలేదు. దీనినిబట్టి ఆంప్లిఫయర్లన్నీ ఒకటేనని తీర్మానించరాదు. ఆ శ్రోతలకు, ఆ పరిస్థితులలో, భేదం పట్టుబడలేదని మాత్రమే చెప్పవచ్చును. స్పీకర్ల విషయం వేరు. వాటి మధ్య భేదాలు పెద్దవి. గదిలో అవి ఉన్న చోటు మారినా ధ్వని మారుతుంది.

ముషాయిరాకూ, కవిసమ్మేళనానికీ ఒకే వేదికను అలంకరించే విద్యాసంస్థలకు ఈ విషయం వినోదం మాత్రమే కాదు. ధ్వనిపరికరాల కొనుగోలుకు వెచ్చించే ప్రతి రూపాయీ విద్యార్థుల రుసుము నుండి, దాతల ఔదార్యం నుండి వచ్చినది. ఎక్కువ ధర పలికిన యంత్రాన్ని కొనడానికి ముందు, భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఒక స్విచ్ పెట్టెను తయారుచేసి, పై నాలుగు పరీక్షలు జరిపి, కనులు మూసి వినుట కళాశాల కమిటీకి కష్టమైన పని కాదు. భేదం వినబడితే ఆ ధర సార్థకం. వినబడకపోతే మిగిలిన ధనంతో గ్రంథాలయానికి కొన్ని పుస్తకాలు వస్తాయి. ఆ పెట్టెను స్వయంగా నిర్మించిన విద్యార్థులకు, పాఠ్యగ్రంథంలో చదివిన ఓమ్ నియమం చేతికి అందివస్తుంది.