ఆ ఇంట్లో అంట్లు తోమేదెవరు?

టెలివిజన్ పట్ల నాకు ఎన్నడూ గౌరవం లేదు. పదహారేళ్లుగా విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం బోధిస్తున్నవాడిగా, సాయంత్రం పూట ఆ పెట్టె ముందు కూర్చోవడం కాలహరణమనే నమ్ముతూ వచ్చాను. నిరుడు వర్షాకాలంలో మోకాలి శస్త్రచికిత్స జరిగాక మా అమ్మ మూడు నెలలు మా ఇంట్లో ఉండవలసి వచ్చింది. ఆమె కోరిన ఒకే ఒక్క సౌకర్యం టీవీ. కొన్నాను. ఒంటరిగా వదిలేయడం ఇష్టంలేక రాత్రి ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా ఆమె పక్కనే కూర్చున్నాను. అలా మనసొప్పని ప్రేక్షకుడిగా చూసినవాటి గురించి, ఆ చూపు నాలో మార్చిన కొన్ని అభిప్రాయాల గురించి చెప్పడానికే ఈ వ్యాసం.

మా అమ్మ పల్నాడులో నలభై ఏళ్లు మిరప కోతలకూ పత్తి తీతలకూ వెళ్లిన వ్యవసాయ కూలీ. అక్షరం రాదు. సీరియళ్లలోని కోడళ్ల కష్టాలను ఆమె శ్రద్ధగా అనుసరిస్తుంది. ఒకరాత్రి తెరమీద ఒక జమీందారీ తరహా ఇంట్లో శుభకార్యం. పాతికమంది వెండి కంచాల్లో భోంచేశారు. ఆమె నావైపు తిరిగి, ‘ఇంతమంది తిన్నారు గదయ్యా, ఈళ్ల అంట్లు ఎవరు తోముతారో ఒక్కనాడన్నా చూపిచ్చరేంది?’ అన్నది. భూమి, శ్రమ, కూలి మీద పరిశోధన చేసి పట్టా పుచ్చుకున్నవాణ్ణి నేను. అప్పటికి మూడు వారాలుగా అదే సీరియల్ చూస్తున్నాను. నాకు తట్టని ప్రశ్న అది.

మన సీరియళ్లలో కులం లేదని వాటి నిర్మాతలు అంటారు. నిజమే, ఆ మాట ఎవరి నోటా వినిపించదు. కానీ ‘మన వంశం’, ‘మన స్థాయి’, ‘మన ఇంటి పరువు’, ‘మన సంప్రదాయం’ అన్న మాటలు ప్రతి పది నిమిషాలకొకసారి వినిపిస్తాయి. కులం పేరు ఎత్తకుండా కులాన్ని మాట్లాడే పదజాలం అది. ఆ ఇళ్లకు పూజగది ఉంటుంది, మేడ మెట్లు ఉంటాయి, ఎక్కడో ఎస్టేటు ఉంటుంది. ఆ భూమి ఎలా వచ్చిందో, అందులో ఎవరు నాట్లు వేస్తారో మాత్రం ఉండదు. పేదింటి అమ్మాయి సంపన్నుల కోడలయ్యే కథలకు కొదవలేదు. అయితే ఆ పేదరాలికి ఆదాయం తక్కువే తప్ప ఆమెకొక పేట లేదు, వాడ లేదు. చాలా కథల్లో చివరికి ఆమె తప్పిపోయిన పెద్దింటి బిడ్డే అని తేలుతుంది. అంటే ప్రేమ కులాన్ని దాటిందని మనం సంతోషించేలోగా, దాటవలసిన గీతే లేదని కథ మనకు హామీ ఇస్తుంది. ఇక పనివాళ్లు కనిపిస్తే నవ్వించడానికో, నగ దొంగిలించడానికో కనిపిస్తారు. తెలంగాణ, ఉత్తరాంధ్ర, రాయలసీమ యాసలు తరచుగా వారి వంతుకే వస్తాయి.

ఇదంతా రచయితల దురుద్దేశమని నేననను. దీని వెనుక ఒక లెక్క ఉంది. ప్రకటనదారు డబ్బు రేటింగును బట్టి నడుస్తుంది. దేశంలో 2015 నుంచి ఆ రేటింగులను లెక్కిస్తున్న బార్క్ సంస్థ, ప్రేక్షకుల ఇళ్లను విభజించడానికి వాడే కొలమానంలో రెండు ప్రమాణాలున్నాయి. ఒకటి, కుటుంబంలో ప్రధానంగా సంపాదించే వ్యక్తి చదువు. రెండు, నిర్ణీత జాబితాలోని 11 ఆస్తుల్లో ఆ ఇంటికి ఎన్ని ఉన్నాయన్నది. ఫ్యాను, గ్యాస్ పొయ్యి, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, ద్విచక్రవాహనం, కారు వంటివాటితో పాటు వ్యవసాయ భూమి కూడా ఆ జాబితాలో ఉంది. వీటిని బట్టి ఇళ్లు ఏ1 నుంచి ఈ3 వరకూ 12 మెట్లుగా విడిపోతాయి. ఇందులో కులం అన్న గడి లేదు. కానీ ఈ దేశంలో చదువు ఎవరికి ఆలస్యంగా అందిందో, సాగుభూమి ఎవరికి దక్కలేదో తెలిసినవారికి, పై మెట్ల మీద ఎక్కువగా ఎవరుంటారో, కింది మెట్ల మీద ఎవరుంటారో వేరే చెప్పనక్కరలేదు. ఖరీదైన సరుకు అమ్మదలచిన ప్రకటనదారుకు పై మెట్టు మీది ఇల్లే ముద్దు. కథ కూడా ఆ ఇంటికే కాపురానికి వెళ్తుంది. మా అమ్మ ఆ కథను చూడవచ్చు. కథ మాత్రం ఆమెను చూడదు.

నేను మొదట టీవీ చూసింది ఇలాంటి దూరం నుంచే. 1988–90 మధ్య ఆదివారం ఉదయాల్లో బి.ఆర్. చోప్రా ‘మహాభారత్’ వచ్చే రోజుల్లో మా పేటలో ఒక్క టీవీ లేదు. ఊళ్లో ఒక రైతు ఇంటి కిటికీ దగ్గర పిల్లలం గుమికూడేవాళ్లం. ఆ ఇంటివారు చెడ్డవారు కారు. కిటికీ తలుపు తీసే ఉంచేవారు. గడప లోపలికి మాత్రం రమ్మనలేదు, మేమూ వెళ్లలేదు. ఆ హిందీ మాకు అర్థమయ్యేది కాదు. కర్ణుణ్ణి సూతపుత్రుడని సభలో అవమానించిన ఘట్టం కిటికీ ఊచల మధ్యనుంచి చూశాను. భాష తెలియకపోయినా అతని ముఖం తెలిసింది.

ఆ కాలంలోనే జరిగిన మరో సంగతి పెద్దయ్యాక చదివాను. 1987 జనవరిలో మొదలైన రామానంద్ సాగర్ ‘రామాయణ్’ మరుసటి ఏడాది పట్టాభిషేకంతో ముగియబోతుండగా, జలంధర్‌లోనూ మరికొన్ని ఉత్తరాది పట్టణాల్లోనూ వాల్మీకి సమాజానికి చెందిన పారిశుద్ధ్య కార్మికులు సమ్మెకు దిగారు. తాము పూర్వీకుడిగా, గురువుగా కొలిచే వాల్మీకి ఉన్న ఉత్తరకాండను కూడా చూపాలన్నది వారి కోరిక. వీధుల్లో చెత్త పేరుకుంది. ప్రభుత్వం దిగివచ్చింది, కొనసాగింపు తెరకెక్కింది. వారు కోరిన కథ మీద మనకు సైద్ధాంతిక అభ్యంతరాలు ఉండవచ్చు, నాకూ ఉన్నాయి. కానీ దేశంలో అత్యంత అణగారిన కార్మికులు తెరమీది కథ గురించి చీపురు దించి మాట్లాడారన్న వాస్తవాన్ని ఆ అభ్యంతరాలు చెరపలేవు. టీవీని చిన్నచూపు చూసిన నాబోటి అధ్యాపకులకంటే దాని శక్తిని వారే ముందు గుర్తించారు.

దృశ్యమాధ్యమం వేరుగా ఉండగలదనడానికి ఆధారాలూ ఉన్నాయి. అదే 1988లో దూరదర్శన్ ప్రసారం చేసిన గోవింద్ నిహలానీ ‘తమస్’, దేశవిభజన నాటి అల్లర్ల కథను నత్తూ అనే చర్మకారుడితో మొదలుపెట్టింది. ఓం పురి నటించిన ఆ పాత్ర చేత ఒక పందిని చంపిస్తారు. దాన్ని దేనికి వాడతారో అతనికి తెలియదు. మతకలహం పెద్దలది, చేయి మాత్రం పేదవాడిది అన్న నిజాన్ని కోట్లమంది ఇళ్లలో కూర్చుని చూశారు. 2012 జులైలో ఆమిర్ ఖాన్ ‘సత్యమేవ జయతే’ అస్పృశ్యత మీద ఒక పూర్తి భాగాన్ని కేటాయించి, సఫాయి కర్మచారుల ఉద్యమకారుడు బెజవాడ విల్సన్‌ను దేశం ముందు కూర్చోబెట్టింది. అయితే దశాబ్దాలకు ఒకటిరెండుగా చెప్పుకోవలసి రావడమే ఈ ఉదాహరణల విషాదం.

వార్తా చానెళ్లలో పరిస్థితి మరింత స్పష్టం. 2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ కలిసి వెలువరించిన అధ్యయనం, పత్రికలు, చానెళ్లు, వెబ్‌సైట్లలోని 121 నాయకత్వ స్థానాలను పరిశీలించింది. వాటిలో 106 అగ్రవర్ణాల చేతిలో ఉన్నాయి. దళితులు, ఆదివాసులు ఒక్కరూ లేరు. 2006లో ఢిల్లీ కేంద్రంగా 37 మీడియా సంస్థల్లోని 315 మంది కీలక నిర్ణేతలపై జరిగిన సర్వేలోనూ ఒక్క ఎస్సీ, ఎస్టీ కనిపించలేదు. పదమూడేళ్ల తేడాతో వచ్చిన రెండు లెక్కల్లోనూ సున్నా సున్నాగానే ఉంది.

ఆ సున్నా ఎలా పనిచేస్తుందో నాకు స్వయంగా తెలిసివచ్చింది. 2024 ఆగస్టు 1న ఎస్సీ వర్గీకరణ అధికారం రాష్ట్రాలకు ఉందని సుప్రీంకోర్టు ఏడుగురు సభ్యుల ధర్మాసనం 6–1 మెజారిటీతో తీర్పు చెప్పింది. ఆ వారంలో ఒక చానెల్ నన్ను చర్చకు పిలిచింది. కౌలు రైతుల మీద నేను పదిహేనేళ్లుగా రాస్తున్నాను. బడ్జెట్ వేళ నన్నెవరూ పిలవలేదు. ఏప్రిల్ 14న, రిజర్వేషన్ల తగాదా వచ్చినప్పుడు, దాడి జరిగినప్పుడు మాత్రం ఫోన్ మోగుతుంది. స్టూడియోలో ఇద్దరు మాలలు, ఇద్దరు మాదిగలు చెరో పక్క గడుల్లో. మధ్యలో ఈ రెండిటిలో ఏదీ కాని యాంకర్. ‘మీ వాటా వాళ్లు తిన్నారంటారా?’ అన్నది మొదటి ప్రశ్న. ప్రభుత్వరంగంలో ఉద్యోగాలే తగ్గిపోతున్న సంగతి నేను ఎత్తేసరికి విరామం వచ్చింది. విరామం తర్వాత ఎదుటి పెద్దమనిషి గొంతు పెంచారు. నేనూ పెంచాను.

1994 నుంచి దండోరా ఉద్యమం, దానికి ప్రతిగా వచ్చిన వాదనలు, 2000 నాటి చట్టం, 2004లో దాన్ని కొట్టివేసిన తీర్పు — ఈ చరిత్రనంతా తెలుగు సమాజం కరపత్రాల్లో, సభల్లో, ఇలాంటి పుటల్లో తీవ్రంగానే అయినా వాదనలతో చర్చించింది. టీవీ దాన్ని అరగంట కోడిపందెం చేసింది. పందెం నిర్వహించేవారెవరూ బరిలో ఉండరు. నేను ఆ రెండు గడుల్లో ఎటువైపు కూర్చున్నానో ఇక్కడ రాయడం లేదు. రాస్తే నా వాదనకు బదులు నా ఉపకులాన్ని చదువుతారు. టీవీ మనకు అలవాటు చేసిన పద్ధతి అదే. ఇంటికి వచ్చాక అమ్మ అన్నది: ‘నువ్వు గూడా అట్టా కేకలేశావేందయ్యా? ఆయన మాటా ఇనపళ్లేదు, నీ మాటా ఇనపళ్లేదు.’ నాకు జవాబు లేకపోయింది.

మాటల ఎంపికలోనూ ఆ సున్నా పనిచేస్తుంది. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో గర్భవతి అయిన భార్య ఎదుటే ఒక దళిత యువకుణ్ణి నరికి చంపారు. ఆస్పత్రి ముందరి సీసీ కెమెరా దృశ్యాన్ని చానెళ్లు మళ్లీ మళ్లీ తిప్పాయి. కింద అక్షరాల్లో ‘పరువు హత్య’. ఎవరి పరువు? ఆ మాట హంతకుల నిఘంటువులోనిది. రాత్రి ఎనిమిదింటి సీరియల్‌లో ‘ఇంటి పరువు’ అన్నదీ, తొమ్మిదింటి వార్తల్లో ‘పరువు హత్య’ అన్నదీ ఒకే పదం. దాన్ని ‘కుల హత్య’ అని రాయవలసింది ఇదని చెప్పగల మనిషి ఆ గదిలో లేకపోవడమే ప్రాతినిధ్యం లేకపోవడమంటే.

ఏం చేయాలి? 1995లో సుప్రీంకోర్టు ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. ఉమ్మడి ఆస్తి అన్న మాట మనకు కొత్త కాదు. 1927లో అంబేడ్కర్ మహద్ చెరువు నీటిని దోసిట పట్టింది ఆ మాట కోసమే. 1985లో కారంచేడులో గొడవ మొదలైంది మంచినీటి చెరువు దగ్గరే. ఉమ్మడిదని కాగితం మీద ఉన్నంత మాత్రాన అందరి కడవా మునగదని మనకు అనుభవం. కాబట్టి స్పష్టమైన కోర్కెలు పెట్టాలి. లైసెన్సు పొందిన ప్రతి చానెల్ తన సంపాదక వర్గ సామాజిక కూర్పును ఏటా వెల్లడించాలి. సామాజిక న్యాయాన్ని పెంపొందించడం, అస్పృశ్యత వంటి దురాచారాలను ఎదుర్కోవడం ప్రసార భారతి విధి అని 1990 నాటి చట్టమే చెబుతోంది. తెలుగు దూరదర్శన్ ఆ విధిని జయంతులకు పరిమితం చేయకుండా కథల్లోకి తేవాలి. కేబుల్ ప్రసారాల నియమావళి జాతి, భాష, ప్రాంతాల వారిని అహంకారంతో, వెటకారంగా చిత్రించరాదంటుంది. ఆ వాక్యంలో కులం అన్న మాటను చేర్చాలి.

నేటి యువత టీవీ చూడదు, యూట్యూబ్ చూస్తుంది, అక్కడ మన గొంతులున్నాయి కదా అని నా విద్యార్థులు అంటారు. ఉన్నాయి, సంతోషం. కానీ ఆ గొంతులు ఎక్కువగా మనం మనకే వినిపించుకుంటున్నవి. పొలం నుంచి వచ్చి అలసి కూర్చున్న అమ్మలతో రోజూ రెండున్నర గంటలు మాట్లాడుతున్నది ఇప్పటికీ ఆ పెట్టే. దాన్ని చూడనని గొప్పగా చెప్పుకున్నన్నాళ్లూ, ఆమె ఏం వింటున్నదో నేను పట్టించుకోలేదు. అందుకే ఈ ఏడాది నా తరగతిలో ఒక పని పెట్టాను. వారం పాటు ఏదో ఒక సీరియల్ చూసి, ఎవరు కుర్చీలో కూర్చున్నారు, ఎవరు నిలబడ్డారు, ఎవరికి ఇంటిపేరు ఉంది, ఎవరి చేతిలో పని ఉంది అని రాసుకురమ్మన్నాను.

అమ్మ ఇప్పుడు ఊళ్లో ఉంది, నడుస్తోంది. ఆ సీరియల్ ఇంకా నడుస్తోంది. వారానికొకసారి ఫోన్లో మోకాలి సంగతి చెప్పాక అడుగుతుంది, ‘ఆ అంట్లు తోమే మనిషి కనపడిందా అయ్యా?’ అని. ఇంకా లేదమ్మా అంటున్నాను.