గ్రుడ్డులోని పిల్లకు అయోడిన్



పొదగవేసిన గ్రుడ్లలో కొన్నిటి నుండి 21వ దినము గడచినను పిల్లలు రాక, పెంకులోనే చచ్చిపోవుట మీరు చూచియే యుందురు. గ్రుడ్లు పాతవగుట, వెచ్చదనమో తేమయో చాలకుండుట ఇందుకు సామాన్య కారణములు. ఎవరి దృష్టికిని అంతగా రాని కారణము మరియొకటి కలదు. అది పెట్ట మేతలో అయోడిన్ కొరత.

పిల్లకు అయోడిన్ ఏల?

కోడిపిల్ల మెడ మొదట, పెద్ద రక్తనాళముల ప్రక్కన, రెండు చిన్న ఎర్రని గ్రంథులుండును. ఇవియే థైరాయిడు గ్రంథులు. పొదుగుట మొదలైన రెండవ దినముననే ఈ గ్రంథి గొంతు అడుగున చిన్న బుడిపెగా మొలచి, తరువాత రెండుగా చీలును. రెండవ వారములో అది రక్తము నుండి అయోడిన్‌ను పట్టి నిలువ చేయుచుండును. ఆ అయోడిన్‌తో తయారగు రసము చివరి రెండు మూడు దినములలో మిక్కిలి అవసరము. మిగిలిన పచ్చసొన కడుపులోనికి పోవుటకు, ఊపిరితిత్తులు పనిచేయుటకు, పెంకు పగులగొట్టుకొని వచ్చుటకు, వచ్చిన పిదప ఒంటి వెచ్చదనము నిలుపుకొనుటకు ఆ రసమే తోడ్పడును. అయోడిన్ చాలనప్పుడు గ్రంథి ఉబ్బును, పిల్ల ఆలస్యముగా వచ్చును, లేదా లోపలనే చచ్చును.

ఈ అయోడిన్ ఎక్కడిది? పెట్ట తిన్న మేతలోనిది. అది ముఖ్యముగా పచ్చసొనలో చేరును. పెట్టిన గ్రుడ్డులోనికి మనము అయోడిన్ పంపజాలము. కావున పిల్లను కాపాడదలచినవారు ముందుగా పెట్టను మేపవలెను.

ఎంత కావలెను?

పొదుగు గ్రుడ్లు పెట్టు పెట్టలకు కిలో దాణాలో 100 మైక్రోగ్రాముల అయోడిన్ ఉండవలెనని అమెరికా జాతీయ పరిశోధన మండలి 1994లో సూచించెను. ఇప్పుడు లెక్క చూడుడు. మన దేశములో వాడుకదారునికి చేరు అయోడిన్ ఉప్పులో గ్రాముకు కనీసము 15 మైక్రోగ్రాములుండవలెను. కిలో దాణాలో 3 గ్రాముల ఉప్పు కలిపినచో వచ్చునది 45 మాత్రమే. గింజలలో కొంత ఉన్నను, అది నేలను బట్టి మారును. అందుచేత ఉప్పునొక్కదానినే నమ్మరాదు. అట్లని ఉప్పు పెంచినను కోళ్లకు హానియే.

మీరు చేయవలసినది

1. దాణాలో అయోడిన్ గల ఖనిజ లవణ మిశ్రమమును, సంచిపై వ్రాసిన మోతాదున కలుపుడు. సముద్రపు ఎండుచేపల పొడియు మంచిదే.

2. పశువులకని అమ్ము ముతక ఉప్పులో అయోడిన్ ఉండకపోవచ్చును. అడిగి కొనుడు. అయోడిన్ ఉప్పును తడి తగలకుండ మూతగల డబ్బాలో ఉంచుడు.

3. గ్రుడ్లు ఏరుటకు మూడు నాలుగు వారముల ముందే ఈ మేత మొదలిడుడు.

4. ఆవచెక్క ఎక్కువగా పెట్టకుడు. అది థైరాయిడు పనిని చెరచును.

5. మోతాదు మించకుడు. కిలో మేతలో వందల మిల్లీగ్రాముల అయోడిన్ చేరినచో పెట్టలు గ్రుడ్లు మానును, గ్రుడ్లు సరిగా పొదగబడవు.

పెంకులో పిల్లలు చచ్చుట తరచైనచో, అట్టి గ్రుడ్లను పారవేయక, వెంటనే పశువైద్యునికి చూపుడు. మెడలోని గ్రంథులు ఉబ్బినవో లేదో ఆయన కోసి చూచి చెప్పగలరు. కారణము తెలిసినచో వచ్చు విడత పిల్లలైనను దక్కును.